ఇద్దరి బరువు

బొల్లాపల్లికి పడమరగా, కొండల మొదట్లో ఉన్న అయిదు పల్లెలకు ఉత్తరాలు పంచే ఉద్యోగం కావ్యకు వచ్చినప్పుడు ఊళ్లో వాళ్లు మొదట అడిగింది జీతం గురించి కాదు. "ఎట్టా తిరుగుతావే?" అని. ఆ పల్లెలకు పొద్దున ఒక బస్సు, సాయంత్రం ఒక బస్సు. అవీ వస్తే వచ్చినట్టు. ఆటోలు మనుషులు కిక్కిరిస్తే తప్ప కదలవు. ఆమె రోజుకు నలభై కిలోమీటర్లు తిరగాలి.

"బండుందిగా" అంది కావ్య.

ఆ మాటతో అడిగినవాళ్లు నోరు మూసుకున్నారు. బండి ఉన్నమాట నిజమే. ఇంటి పక్క రేకుల పంచలో, నీలం పట్టా కింద, పదిహేను నెలలుగా నిలబడి ఉంది. కావ్య భర్త శ్రీహరి బండి అది. అక్టోబరులో ఒక మధ్యాహ్నం అతను మిరపచేనికి నీళ్లు పెట్టుకోవడానికి సాగర్ కాలువ గట్టుకు పోయాడు. ఇంజను నీళ్లు లాగకపోతే పైపు చివరి ఫుట్‌వాల్వులో చెత్త పడిందేమోనని కాలువలోకి దిగాడు. నీటి వడి ఎక్కువగా ఉంది. మూడు కిలోమీటర్ల దిగువన, లాకుల దగ్గర దొరికాడు. బండి మాత్రం గట్టు మీద స్టాండు వేసి, తాళంచెవి దానికే ఉండి, ఎండలో నిలబడి ఉంది. ఎవరో దాన్ని నడిపించుకొచ్చి పంచలో పెట్టారు. శ్రీహరి తల్లి నాగేంద్రమ్మ దాని మీద పట్టా కప్పింది. వానాకాలం వచ్చింది, పోయింది. పట్టా మీద నీళ్లు నిలిస్తే నాగేంద్రమ్మ కర్రతో కింద నుంచి పొడిచి ఒంపేది. అంతకుమించి బండి జోలికి ఎవరూ పోలేదు.

కావ్య పుట్టిల్లు క్రోసూరు. దినాలైన మర్నాడే అన్న వచ్చి రమ్మన్నాడు. పెళ్లయి రెండేళ్లే, పిల్లలు లేరు, ఇంకా ఇక్కడేం పని అన్నాడు. కావ్య పోలేదు. ఎందుకు పోలేదో అన్నకూ చెప్పలేదు, ఊళ్లో వాళ్లకూ చెప్పలేదు. అత్త మీద ప్రేమ అనుకున్నారు కొందరు. పొలం మీద ఆశ అనుకున్నారు ఇంకొందరు. పదో తరగతి మార్కులతో పోస్టల్ ఉద్యోగానికి పెట్టుకుంటే అది వచ్చింది. ఇక ఎవరూ అడగలేదు.

పట్టా తీసిన రోజు నాగేంద్రమ్మ గడపలో నిలబడి చూసింది. వద్దనలేదు. వెనకింటి వెంకట్ వచ్చి కొత్త బ్యాటరీ వేసి, ప్లగ్గు మార్చి, టైర్లలో గాలి కొట్టించాడు. ట్యాంకులో శ్రీహరి పోయించిన పెట్రోలు సగానికి పైగానే ఉంది. దాని మీదే వెంకట్ బడ్డీకొట్టు నుంచి సీసా పెట్రోలు తెచ్చి కలిపాడు. పాతిక ముప్పై సార్లు తంతే, దగ్గుతూ దగ్గుతూ బండి అందుకుంది. పొగ పంచనిండా నల్లగా కమ్మింది. నాగేంద్రమ్మ చెంగు నోటికడ్డం పెట్టుకుని లోపలికి పోయింది.

గేర్ల బండి తోలడం కావ్యకు శ్రీహరే నేర్పాడు. పెళ్లయిన కొత్తలో, కోతలైపోయిన చేలల్లో, ఆమెను ముందు కూర్చోబెట్టి తను వెనక కూర్చునేవాడు. భుజాల మీద చేతులు వేసి "క్లచ్చి ఒకేసారి వదలమాక, మెల్లగా, మెల్లగా" అనేవాడు. తోలడం వచ్చాక కూడా వెనకే కూర్చుంటానని పట్టుబట్టేవాడు.

మొదటి వారమంతా కావ్యకు ఉద్యోగమే సరిపోయింది. ఆధార్ కార్డులు, బ్యాంకు నోటీసులు, ఏటీఎం కార్డులు, ఎవరికో కోర్టు సమన్లు. ఇంటిపేర్లు ఒకటే అయినవాళ్లు వీధికి పదిమంది. పొరపాటు పడకుండా పంచడానికే తల తిరిగిపోయేది. రెండో వారంలో గమనించింది, బండి పెట్రోలు తాగుతోంది. శ్రీహరి ఉన్న రోజుల్లో లీటరుకు డెబ్బై ఇస్తుందని నలుగురిలో గొప్పలు చెప్పుకునేవాడు. కావ్య లీటరు పోయించి, రిజర్వు పడేవరకు తిరిగి చూసింది. ముప్పై ఎనిమిది. మళ్లీ చూసింది. ముప్పై తొమ్మిది. రోజు మొత్తం తిరగకముందే లీటరు అయిపోతోంది.

ఆ సాయంత్రం అన్నం తింటూ మాటవరసకు అంది. "ఏందో అత్తా, బండి నలభై కూడా ఇయ్యట్లా. ఆయన తోలేప్పుడు డెబ్బై ఇచ్చేది."

నాగేంద్రమ్మ కంచంలో చెయ్యి ఆపింది. కాసేపు ఏదో లెక్క చూసుకుంటున్నట్టు కూర్చుంది.

"ఇద్దరెక్కితే అంతేగా వచ్చేది" అంది.

"ఇద్దరెవరు?"

నాగేంద్రమ్మ మళ్లీ అన్నం కలుపుకోసాగింది. కానీ ఆమె మొహంలో పదిహేను నెలలుగా లేనిది ఏదో కదిలింది. మర్నాడు పొద్దున కావ్య బండి బయటికి తీసేసరికి వెనక సీటు తడిగుడ్డతో తుడిచి ఉంది. సాయంత్రం తిరిగొచ్చేసరికి అత్త వాకిట్లో నిలబడి ఉంది. కావ్య దిగాక కూడా ఆమె చూపు దిగలేదు. సీటు మీద అరచెయ్యి ఆనించి, "ఎండన పడి తిరిగొచ్చావా నాయనా, లోపలికి రా" అంది.

కావ్య సంచీ దించబోతూ ఆగింది. ఏమన్నా అంటే ఆ కాస్త వెలుగూ ఆరిపోతుందేమోనని ఊరుకుంది. అసలు అత్త ఆమెతో నాలుగు మాటలు మాట్లాడి ఎన్నాళ్లయిందో. ఆ నెలలన్నీ ఇద్దరూ ఒకే ఇంట్లో ఒకరి పక్కనుంచి ఒకరు తప్పుకుంటూ బతికారు. ఇప్పుడు నాగేంద్రమ్మ పొద్దున్నే లేచి పొయ్యి వెలిగిస్తోంది. బాక్సులో అన్నం రెండు పిడికిళ్లు ఎక్కువ పెడుతోంది. వారానికొకసారి, దేవుడి ప్రసాదం అడిగినట్టు అడుగుతోంది.

"ఈసారి ఎంతిచ్చిందే బండి?"

"ముప్పై ఎనిమిదత్తా."

"ఆఁ" అని తృప్తిగా తలూపేది.

ఒకరు పదేపదే అన్న మాట మనసులో పాతుకుపోవడానికి ఎంతోకాలం పట్టదు. నెల తిరిగేసరికి కావ్యకూ అనుమానం మొదలైంది. మేళ్లవాగు దాటాక రోడ్డు కొండమీదికి ఎక్కుతుంది. అక్కడ బండి మూలిగేది. యాక్సిలేటర్ ఎంత తిప్పినా ముందుకు పోయేది కాదు, వెనక ఎవరో బరువుగా కూర్చున్నట్టు ఈడిగిలబడేది. చోక్ లాగి, గేరు తగ్గించి ఎక్కించాల్సి వచ్చేది. పైన చెట్లు తప్ప ఏమీ ఉండవు. ఇంజను దగ్గిన ప్రతిసారీ ఒక కుదుపు వచ్చేది. ఆ కుదుపుకు భుజాలు తమంతట తామే బిగుసుకునేవి, ఎవరి చేతులో వాటి మీద పడతాయని కాచుకున్నట్టు. ఇంటికొచ్చి చీర విప్పితే పెట్రోలు వాసన కొట్టేది. అది శ్రీహరి చొక్కా వాసన. ఎన్నిసార్లు ఉతికినా ఆ చీరను వదిలేది కాదు.

ఒకరోజు ఆ కొండ మీద తనకు తెలియకుండానే అంది. "కాస్త ముందుకు జరుగు. బండి ఎక్కట్లా."

అన్నాక భయం వేసింది. బండి మాత్రం ఎక్కింది.

ధనమ్మ అనే ముసలావిడ కొండ దిగువ పాలెంలో ఒంటరిగా ఉంటుంది. రెండు కళ్లలోనూ శుక్లాలు. ఆమెకు కళ్ల ఆసుపత్రి నుంచి రిజిస్టర్డ్ ఉత్తరం వస్తే కావ్య పట్టుకుపోయింది. ముసలావిడ చేత వేలిముద్ర వేయించి, ఉత్తరం చదివి వినిపించింది. ఆపరేషనుకు ఏ రోజు రావాలో రెండుసార్లు చెప్పింది. ధనమ్మ తలూపి, చెయ్యి కళ్లకు అడ్డం పెట్టుకుని వాకిట్లోకి చూసింది.

"ఎండన నిలబడ్డాడేందమ్మా ఆ అబ్బాయి? లోపలికొచ్చి కూసోమను. మంచినీళ్లిస్తా."

కావ్య వెనక్కి తిరిగింది. వాకిట్లో స్టాండు వేసిన బండి ఉంది. దాని వెనక దడికి ఆరేసిన తువ్వాలు ఒకటి గాలికి కదులుతోంది. అంతే.

"ఎవరూ లేరవ్వా."

"ఉండాడుగా" అంది ధనమ్మ, చిన్నపిల్లకు చెప్పినట్టు.

ముసలిదానికి కళ్లు కనపడవని కావ్యకు తెలుసు. ఇప్పుడే ఆ ఉత్తరం తనే చదివింది. అయినా గబగబా సంచీ సర్దుకుని బండెక్కింది. ఆ పాలెంలో ఇంకా నాలుగు ఉత్తరాలున్నాయి. అవి పంచకుండానే తిరిగొచ్చేసింది. ఉద్యోగంలో చేరాక అలా చెయ్యడం అదే మొదలు. ధనమ్మ అన్నమాట అత్తకు చెప్పలేదు. చెబితే ఆమె ఆ పాలేనికి నడిచైనా పోతుంది.

ఈలోగా వెంకట్ రెండుసార్లు అన్నాడు. "వదినా, ఒకసారి షబ్బీర్ భాయ్‌కి చూపించు. కార్బొరేటర్ పోయినట్టుంది." నాగేంద్రమ్మ విన్నది. "బండికేం రోగం లేదు. దాన్ని విప్పొద్దు" అని గట్టిగా అంది. కావ్యకూ విప్పించాలని లేదు. పెట్రోలుకు జీతంలోంచి పోతోందని తెలుసు, పోనీ అనుకుంది. రాత్రిళ్లు మాత్రం ఒక ప్రశ్న మెదిలేది. నిజంగానే వెనక కూర్చుని ఉంటే, రోజూ ఆ కొండెక్కుతూ నాకేం చెప్పాలనుకుంటున్నాడు? తనకు తెలిసినదాన్ని తను ఎవరికీ చెప్పలేదని అతనికి తెలుసా?

ఫిబ్రవరి చివర్లో, పదకొండు గంటలప్పుడు, ఆ కొండ సగంలోనే బండి ఆగింది. దగ్గలేదు, మూలగలేదు. ఊపిరి తీయడం మానేసినట్టు ఆగింది. కావ్య తన్ని తన్ని కాలు వాచింది. కార్బొరేటర్ కింద పెట్రోలు కారుతోంది. మిరపకాయ బస్తాలతో పోతున్న ట్రాక్టరు ఒకటి ఆగింది. బండిని బస్తాల మీదికెక్కించి, బొల్లాపల్లి సెంటరులో షబ్బీర్ షెడ్డు ముందు దించిపోయింది.

షబ్బీర్ బండిని చూడగానే గుర్తుపట్టాడు. చేతులు తుడుచుకుంటూ చుట్టూ తిరిగాడు. "శ్రీహరిది. దీనికి క్లచ్చి ప్లేట్లు నేనే వేశా" అన్నాడు. స్టూలు లాగి ఆమెను కూర్చోమన్నాడు.

"చోక్ ఎన్నిసార్లు లాగుతున్నావు చెల్లెమ్మా?"

"రోజూ అన్నా. కొండెక్కేప్పుడు లాగే ఉంచుతా."

"పొగ నల్లగా వస్తందా? మైలేజీ ఎంతిస్తంది?"

"నలభై లోపే."

"మరి ఇన్నాళ్లు ఏం చేస్తన్నావు?" అన్నాడు కాస్త కోపంగానే.

ట్యాంకు పైపు ఊడదీసి, కోసిన నీళ్ల సీసాలోకి పెట్రోలు వంపాడు. డికాషను రంగులో దిగింది. సీసా అడుగున నీటి బుడగలు పూసల్లా దొర్లుతున్నాయి. వాటి చుట్టూ ఎర్రటి తుప్పు. తర్వాత కార్బొరేటర్ విప్పి, అడుగు గిన్నె తీసి ఆమె ముందు పెట్టాడు. గిన్నెనిండా బెల్లంపాకం ముదిరినట్టు గోధుమరంగు జిగురు గట్టిపడి ఉంది.

"చూడు. ఆ రోజు ఎవరో బండి తెచ్చి పెట్టారు గానీ ట్యాంకు కింద పెట్రోల్ కాక్ కట్టెయ్యలా. పెట్రోలు దిగడం, ఎగిరిపోవడం, మళ్లీ దిగడం. నెలల తరబడి అదే పని. ఎగిరిపోంగా మిగిలింది ఇట్టా జిగురైంది. పైన సీసా పెట్రోలు పోశారు, దాని చెత్త దానిది. వానాకాలం తేమకి ట్యాంకు లోపల తుప్పు." సన్నని సూదిని వెలుతురులో పెట్టి చూపించాడు. "ఇది గిన్నె నిండంగానే మూసుకోవాలి. కింద చెత్త పట్టి మూసుకోట్లా. పెట్రోలు పొంగిపోతంది. గాలి పొయ్యే బెజ్జాలు చూడు, పూడుకుపోయినయ్. గాలి తగ్గితే పెట్రోలు ఎక్కువ పోద్ది. సగం మండుద్ది, సగం నల్లపొగై పోద్ది. బలం ఉండదు. నువ్వు చోక్ లాగితే ఉన్న గాలీ ఆగిపోతంది. ఇంక మైలేజీ యాణ్ణించి వస్తది?"

కావ్య ఆ గిన్నెలోకే చూస్తోంది.

"అన్నా, ఈ జిగురు ఏ పెట్రోలుది? నేను పోయించిందా?"

షబ్బీర్ ఆమె మొహం చూసి, అడుగుతున్నదేమిటో అర్థం చేసుకున్నాడు. అబద్ధం చెప్పొచ్చు. చెప్పలేదు.

"కాదమ్మా. నువ్వు పోయించింది రెణ్ణెల్లదేగా. ఇది పాతది. శ్రీహరి పోయించిందే."

కావ్య లేచి షెడ్డు బయటికి వచ్చింది. రోడ్డు మీద లారీలు పోతున్నాయి. అత్త అన్నది ఉత్తమాట కాదు. బండిని వెనక్కి లాగుతున్నది నిజంగా అతనిదే. అతని చేత్తో పోయించింది, అతను తిరగాల్సిన దూరం, తిరగక అక్కడే ఆగి గడ్డకట్టింది. దాన్ని కడిగేస్తే ఇంక అతనిదంటూ కదిలేది ఏమీ మిగలదు. మూత బిగించెయ్యమందామనుకుంది. నలభైకే తిరుగుతాను అందామనుకుంది. ఆ మాటలు నోటిదాకా వచ్చాయి.

లోపలి నుంచి షబ్బీర్ గొంతు వినపడింది. పక్కన ఎవరో బండేమైందని అడిగితే చెబుతున్నాడు. "ఏముంది, ఇంజనుకి ఊపిరాడట్లా. పాపం ఎన్నాళ్ల నుంచి కొట్టుకుంటందో."

కావ్య షెడ్డు వైపు తిరిగింది. లాకుల దగ్గర నీళ్లలోంచి తీసినప్పుడు శ్రీహరి నోరు తెరుచుకుని ఉంది. గాలి కోసం తెరిచిన నోరు అలాగే ఉండిపోయింది. దాన్ని మూయడానికి గడ్డం కింద గుడ్డ కట్టాల్సి వచ్చింది.

లోపలికి వచ్చింది. "తీసెయ్యన్నా. మొత్తం తీసెయ్యి" అంది.

పని అయ్యేసరికి రెండు దాటింది. షబ్బీర్ బెజ్జాల్లో మందు కొట్టి, సన్నతీగ పెట్టి, గాలి కొట్టి, ఒక్కొక్కటీ కంటి దగ్గర పెట్టుకుని వెలుతురు కనపడేదాకా వదల్లేదు. సూది కొత్తది వేశాడు. ట్యాంకు విప్పి మూడుసార్లు కడిగాడు. పైపుకు చిన్న ఫిల్టరు తగిలించాడు. గిన్నె తుడిచిన గుడ్డను ఆమె చూస్తుండగా చెత్తలో వెయ్యలేక, మడిచి అలమరలో ఒక మూలన పెట్టాడు. "బంకులోనే పోయించు. సీసా పెట్రోలు జోలికి పోమాక. నాలుగురోజులు ఆపేపనైతే కాక్ కట్టెయ్" అని చెప్పాడు.

మొదటి తాపుకే అందుకుంది. ఆ కొండ దగ్గరికొచ్చేసరికి అలవాటుగా చెయ్యి చోక్ మీదికి పోయింది. అవసరం రాలేదు. బండి మూడో గేరులోనే గాలిలో తేలినట్టు ఎక్కింది. సంతోషించాల్సింది పోయి కావ్య యాక్సిలేటర్ వదిలేసింది. బ్రేకు వేసి పక్కన ఆపింది. దారిలో ఎవరినో దించేసి, వాళ్లు పిలుస్తున్నా వినకుండా వచ్చేసినట్టుంది. వెనక కొండదారి ఖాళీగా ఉంది. తుమ్మచెట్ల మీద గాలి కూడా లేదు. చాలాసేపు అక్కడే నిలబడి, "నేను కావాలని చెయ్యలా" అని పైకే చెప్పి, బండెక్కింది.

ఇంట్లో అబద్ధం చెప్పింది. ప్లగ్గు మార్పించానంది. నాగేంద్రమ్మ సీటు మీద చెయ్యి పెట్టింది, తీసింది. నాలుగురోజులకు అడిగింది.

"ఎంతిచ్చిందే?"

"ముప్పై తొమ్మిది."

"నా కళ్లలోకి చూసి చెప్పు."

కావ్య చూడలేకపోయింది.

"రోజూ సాయంత్రం వచ్చేటప్పుడు బంకు కాడ ఆగేదానివి. ఇప్పుడు రోజు మార్చి రోజు ఆగుతున్నావు. సౌండు మారింది. ముసల్దాన్ననుకుంటున్నావా, చెవిటిదాన్ననుకుంటున్నావా?" నాగేంద్రమ్మ కోడలి రెక్క పట్టుకుంది. "యాడ దిగాడే వాడు?"

"అత్తా, కార్బొరేటర్‌లో చెత్త..."

"యాడ దించావే నా కొడుకుని?"

అని గోడవైపు తిరిగి పడుకుంది. ఆ పూట తినలేదు. మర్నాడూ తినలేదు. మంచినీళ్లు ఇస్తే రెండు గుక్కలు తాగి గ్లాసు పక్కన పెట్టేది. మూడోరోజు ఆదివారం. మధ్యాహ్నం తనే లేచి కూర్చుంది. తల దువ్వుకుంది.

"నన్ను కాలవ కాడికి తీసకపో" అంది. "ఆడికే పోయుంటాడు."

శ్రీహరి పోయాక నాగేంద్రమ్మ ఆ గట్టు ఎక్కలేదు. పొలం కౌలుకిచ్చిందీ అందుకే. కావ్య బండి తీసింది. నాగేంద్రమ్మ రెండు కాళ్లూ ఒకవైపుకు వేసుకుని, కోడలి నడుము చుట్టూ చెయ్యి వేసి కూర్చుంది. ఆ చెయ్యి ఎముకల మీద తోలులా ఉంది. బండి నిండుగా, నెమ్మదిగా పోయింది.

కాలువ సగానికి పారుతోంది. నీళ్లు మట్టిరంగులో, చప్పుడు లేకుండా పోతున్నాయి. ఇంజను పెట్టిన సిమెంటు దిమ్మ అలాగే ఉంది. నాగేంద్రమ్మ దిమ్మ మీద కూర్చుంది. పేరు పెట్టి పిలుస్తుందేమో, ఏడుస్తుందేమో అని కావ్య భయపడింది. ఆమె పిలవలేదు. నీళ్లవైపే చూస్తూ మామూలు గొంతుతో మొదలుపెట్టింది.

"ఆ రోజు వాడు అన్నానికొచ్చాడే. నీళ్లు బాగా వడిగా ఉన్నయ్, ఇంజను లాగట్లా, రేపు చూసుకుంటానన్నాడు. నేనే తిట్టా. రేపటికి నీళ్ల వంతు పోద్ది, పైరు ఎండుద్ది, పెళ్లాం మొహం చూస్తా ఇంట్లో కూసుంటే కాయలు కాస్తయ్యా అన్నా. కంచం ముందు నించి లేచిపోయాడు. సగం కూడా తినలా." ఆగి గాలి పీల్చుకుంది. "నేనే పంపా. ఇంతవరకు ఎవురికీ చెప్పలా. నీకసలు చెప్పలా."

"నాకు తెలుసత్తా" అంది కావ్య.

నాగేంద్రమ్మ తల తిప్పింది.

"నేను వంటింట్లోనే ఉన్నా. మజ్జిగ కలుపుతున్నా. అంతా విన్నా."

"మరి అడగలేదేందే? ఇన్నాళ్లూ?"

కావ్య గట్టు మీది గడ్డి పీకుతూ కూర్చుంది. మంచిమాట చెప్పొచ్చు. కానీ ఆ చోట మంచిమాటలు నోటికి రాలేదు.

"మొదట్లో నిన్ను చూస్తే ఒళ్లు మండేది. చెప్పకుండా ఎన్నాళ్లుంటావో చూద్దామనుకున్నా. అందుకే క్రోసూరు పోలా. పోతే నువ్వు చెప్పే రోజున నేను ఉండనుగా. తర్వాత్తర్వాత... అడిగితే నువ్వు ఏమైపోతావోనని భయమేసింది. నేనూ ఆపలేదు గదా అత్తా. విన్నా గానీ వంటింట్లోంచి బయటికి రాలా. అన్నం తిని పొమ్మని ఒక్క మాట అంటే సరిపోయేది."

ఎండ వాలుతోంది. అప్పుడు వాళ్ల వెనక టిక్కుమని ఒక చప్పుడైంది. కాసేపటికి మళ్లీ. ఇద్దరూ ఒక్కసారే వెనక్కి తిరిగారు. గట్టు మీద బండి, దాని నీడ.

"ఇంజను చల్లారుతోందత్తా" అంది కావ్య.

"తెలుసులే" అంది నాగేంద్రమ్మ.

కానీ ఇద్దరూ చూపు తిప్పుకోలేదు. ఆ చప్పుడు పూర్తిగా ఆగిపోయేదాకా అటే చూస్తూ కూర్చున్నారు. తర్వాత నాగేంద్రమ్మ కోడలి భుజం ఊతగా లేచి నిలబడింది. "ఆకలేస్తంది, పోదాం పా" అంది.

ఆ మర్నాటి నుంచి ఆమె బాక్సులో ఒక్కరికి సరిపడా అన్నమే పెట్టింది. వారం గడిచాక, మిరపకాయ కోతలకు పోతాను, దారిలో దించిపొమ్మంది. ఇంట్లోంచి పనికి బయల్దేరడం శ్రీహరి పోయాక అదే మొదలు. రేమిడిచర్ల రోడ్డు పక్క చేలో పదిమంది ఆడవాళ్లు వంగి కాయలు కోస్తున్నారు. నాగేంద్రమ్మను చూసి నడుములెత్తారు.

"ఏమే నాగేంద్రమ్మా, ఎన్నాళ్లకే!" అంది వీరరాఘవమ్మ, ఆమె ఈడుది, చిన్నప్పటి నుంచి కలిసి కూలికి పోయిన మనిషి. "కోడలు బండి మీద దించిపోతందే! అదృష్టమే నీది. పాపం ఆ రోజు శ్రీహరి ఆ కాలవకి పోకుండా ఉంటే ఎంత బాగుండేది. ఏ వేళకి పోయాడో ఏందో."

కావ్య బండి తిప్పుకోబోతూ ఆగింది.

నాగేంద్రమ్మ చెంగు నడుముకు దోపుకుంది. సంచీ భుజానికి తగిలించుకుంది. "వాడు పోలా. నేను పంపా" అంది, అందరికీ వినపడేట్టు. "అన్నం ముందు కూసున్నోణ్ణి తిట్టి పంపా."

ఎక్కడో దూరాన టేకుతోటలో పిట్ట ఒకటి కూసి ఊరుకుంది. వీరరాఘవమ్మ చేతిలో కాయలు సంచీలో వేసింది. తర్వాత తన సాలులోంచి పక్కకు జరిగి, "ఇట్టా రా. నా పక్క సాలు పట్టు" అంది.

నాగేంద్రమ్మ వెళ్లి వంగింది. కావ్య ఇంకాసేపు అక్కడే ఉండి, ఉత్తరాల సంచీ సర్దుకుని, ధనమ్మ ఉండే పాలెం వైపు బండి పోనిచ్చింది.